సున్నం పట్టిన ఇరుసు

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడాది, ఎండాకాలం మొదట్లో, నన్ను మర్రిగూడ మండలానికి శిబిరం డ్యూటీ మీద వేశారు. అప్పటికి నేను ఒక ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడుకు అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసరును. పేరు పెద్దగా ఉంది కానీ మా హోదాల్లో అది కింది మెట్టు. మా పైన డిప్యూటీలు, ఆ పైన ట్రైనింగ్ ఆఫీసరు, అందరి మీద ప్రిన్సిపాల్. పిల్లలకు పానా పట్టుకోవడం నేర్పేది మాత్రం మేమే. పానా అంటే స్పానర్ అని కూడా రాయి బిడ్డా, చదివేవాళ్లలో తెలియనివాళ్లు ఉంటారు. నేను ఆగకుండా మాట్లాడుతుంటాను, చుక్కలు ఎక్కడ పెట్టాలో నువ్వే చూసుకో.

శిబిరం అంటే ఏమిటో చెప్పాలి. ఎండాకాలంలో మా ట్రైనీలను వెంటబెట్టుకుని ఒక ఊరికి వెళ్లేవాళ్లం. బడి ఆవరణలో టార్పాలిన్ కట్టి, ఊళ్లోవాళ్ల బండ్లు, మోటార్లు, స్ప్రేయర్లు ఉచితంగా బాగుచేసేవాళ్లం. పిల్లలకు చెయ్యి తిరుగుతుంది, ఊరికి పని అవుతుంది. నాతోపాటు ఫిట్టర్ ట్రేడు నుంచి యాదగిరన్న వచ్చాడు. ఇద్దరిదీ ఒకే హోదా, ఆయన నాకంటే ముందు చేరినవాడు. ఫిట్టర్ అంటే ఇనుమును కొలిచి, కోసి, ఆకురాయి పట్టి అమర్చేవాడు. నేను అమర్చి ఉన్నదాన్ని విప్పేదాన్ని. ఈ తేడా మీద మా ఇద్దరికీ ఉద్యోగం పొడుగునా వాదమే.

మొదటి రోజు జనం బండ్లు తీసుకుని రాలేదు, నన్ను చూడడానికి వచ్చారు. "ఆడామె బండి ఇప్పుతదంట" అని ఒకరికొకరు చెప్పుకుని వచ్చారు. నేను ఒక కార్బొరేటర్ విప్పి, కడిగి, మళ్లీ పెట్టి, ఒక్క కిక్కుకు బండి లేపాక చూడడం మానేసి బండ్లు తేవడం మొదలుపెట్టారు.

మల్లయ్య బండి ట్రాలీ ఆటోలో వచ్చింది. బండి పడుకుని ఉంది, పక్కన మల్లయ్య నిలబడి ఉన్నాడు, ఆటో పైకమ్మీ పట్టుకుని. ట్రాలీలో కూర్చోవచ్చు కదా అనుకున్నాను. ఆయన దిగేటప్పుడు తెలిసింది. మోకాళ్లు వంగవు. మోచేతులు సగం వంగి అక్కడే ఆగిపోయాయి. మెడ అసలే తిరగదు. పక్కన ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి, తలుపు తిరిగినట్టు. అక్కడి బోరు నీళ్ల సంగతి నీకు తెలుసు కదా. ఫ్లోరైడు. ఏళ్ల తరబడి తాగితే ఎముకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మల్లయ్య వయసు నా వయసే. చూస్తే మా నాయన వయసు అనిపించింది.

వాళ్లు గొర్లు కాసుకునే కుటుంబం. మాట్లాడింది మల్లయ్య కాదు, భార్య లింగమ్మ.

"మేడం, గీ బండి లేకుంటె మా ఇంటాయన మంచంల పడుడే. నడవరాదు. బండెక్కితె మాత్రం ఏ ఊరికన్న పోతడు. నేను గొర్లకాడ ఉంటె నాకు సద్ది తెస్తడు, జీవాలకు క్యాన్లల్ల నీళ్లు తెస్తడు. ఇప్పుడు బండి ఆగింది. ఆయన గూడ ఆగిండు."

వెనుక చక్రం బేరింగు పగిలిపోయింది. మామూలుగా అయితే అది పెద్ద పని కాదు. చక్రం ఊడదీసి, పాత బేరింగు తట్టి తీసేసి, కొత్తది కూర్చోబెట్టడమే. కానీ చక్రమే ఊడడం లేదు. చిట్యాలలో ఒక మెకానిక్‌కు చూపించారట. సుత్తెలతో కొట్టి కొట్టి, గ్యాసు పెట్టి కోసేస్తానన్నాడట.

"కోస్తె మంచిదే గద, కొత్త ఇరుసు ఏసుకోవచ్చు" అన్నాడు యాదగిరన్న.

"ఇరుసు ఒక్కటే అయితె కోపిద్దుము సారూ. గ్యాసు వేడికి చక్రం నడుమ బొడ్డు గూడ కరుగుతదట. గది సిలవరిదట. గా బొడ్డు ఇప్పుడు యాడ దొరకదట. పాతసామాన్ల కేసుకో అన్నడు" అంది లింగమ్మ.

సిలవరి అంటే అల్యూమినియం. ఆమె చెప్పింది నిజమే. ఆ మోడల్ బండ్లు కంపెనీ ఎప్పుడో ఆపేసింది. అందుకే అక్కడ పని ఒక్కటే: చక్రాన్ని గాయం చేయకుండా ఇరుసును బయటికి తేవాలి. లేకపోతే బండి పాతసామాన్లలోకి, మల్లయ్య మంచంలోకి.

ఇక్కడ ఒక విషయం చెబితే తర్వాతది అర్థమవుతుంది. ఎడ్లబండికైనా, మోటారుసైకిలుకైనా, చక్రం తిరుగుతుంది కానీ ఇరుసు తిరగదు. ఇరుసు ఒక పొడవాటి ఇనుప కడ్డీ. బండి వెనుక రెండు చేతుల్లాంటి ఫోర్కు ఉంటుంది. దాని ఒక చేతిలోంచి దూరి, చక్రం మధ్యలోంచి పోయి, రెండో చేతిలోంచి బయటికి వస్తుంది. మొదటి చివర తల, ఆ చివర నట్టు. చక్రానికీ ఇరుసుకూ మధ్య బేరింగులు ఉంటాయి, తిరగడం వాటి పని. అందుకే ఇరుసు లోపల బిగుసుకుపోయినా బండి హాయిగా నడుస్తూనే ఉంటుంది. ఏళ్లు గడిచినా ఎవరికీ తెలియదు. విప్పిన రోజే తెలుస్తుంది.

పద్ధతి ప్రకారం మొదలుపెట్టాం. మెయిన్ స్టాండు వేసి, కింద రాళ్లు పెట్టి వెనుక చక్రం గాలిలోకి లేపాం. బ్రేకు రాడ్డు నట్టు తీశాం. బ్రేకు పలక తిరగకుండా పట్టుకునే బద్ద ఒకటి ఉంటుంది, దాని బోల్టు తీశాం. చైన్ లాక్ ఊడదీసి చైను పక్కకు పెట్టాం. చైను సర్దే బోల్టులు రెండువైపులా వదులు చేశాం. చివరికి పెద్ద నట్టు. అది తేలికగానే వచ్చింది. ఇరుసు మాత్రం రాలేదు.

కొట్టేటప్పుడు నేరుగా ఇనుము మీద ఇనుము కొట్టకూడదు, కొన పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. అప్పుడిక రంధ్రంలోంచి రమ్మన్నా రాదు. చిట్యాలలో జరిగింది అదే. యాదగిరన్న ఆకురాయితో ఓపికగా ఆ విచ్చుకున్న అంచును అరగదీశాడు. తర్వాత నట్టును మళ్లీ కొన దాకా ఎక్కించి, మధ్యలో ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టాం. కదల్లేదు. డీజిల్ పోశాం, తుప్పు విడగొట్టే స్ప్రే కొట్టాం, ఆగాం, కొట్టాం. గొట్టం, పొడుగు బోల్టు కలిపి యాదగిరన్న ఒక పుల్లర్ తయారుచేశాడు, బిగించి లాగితే వచ్చేలా. బోల్టు మరలు అరిగిపోయాయి. ఇరుసు అక్కడే.

"రూతమ్మా, ఇది ఇరుసు గాదు, మా మేనమామ. పెండ్లిల ఒక్కసారి కూసున్నడంటె ఎవ్వడు లేపలేడు" అన్నాడు యాదగిరన్న చెమట తుడుచుకుంటూ.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మల్లయ్య నవ్వలేదు. ఆయన ఒక స్తంభానికి ఆనుకుని నిలబడి బండినే చూస్తున్నాడు. కొట్టిన ప్రతి దెబ్బకూ ఆయన కళ్లు మూసుకుపోతున్నాయి.

కొట్టడం ఆపించాను. కింద కూర్చుని, ఇరుసు ఫోర్కులోకి దూరే చోట స్క్రూడ్రైవర్ మొనతో గీకాను. ఎర్ర తుప్పు రాలుతుందని అనుకున్నాను. తెల్లగా రాలింది. గట్టిగా, బియ్యపు నూకంత పెచ్చులు. వేళ్ల మధ్య నలిపితే నలగలేదు. నాలుక మీద పెట్టుకున్నాను. ముఖం అట్లా పెట్టకు, మా తరం మెకానిక్కులం బ్యాటరీ నీళ్లు తప్ప అన్నీ రుచి చూసినవాళ్లమే. రుచి తెలిసింది. మా అమ్మ నీళ్లు కాగబెట్టే గుండిగ అడుగున పట్టే సున్నం అది.

నూనె తుప్పులోకి దూరుతుంది కానీ రాయిలోకి దూరదు. మేము పొద్దుటి నుంచి ఒక రాయికి డీజిల్ పోస్తున్నాం.

కానీ నీళ్లు కాగే పాత్రలో పట్టే సున్నం బండి ఇరుసుకు ఎందుకు పట్టింది? క్యాన్లలోంచి నాలుగు చుక్కలు కారితే ఇంత పట్టదు. మల్లయ్యను అడిగాను, బండిని ఎట్లా చూసుకుంటావని. ఆయన ముఖం మొదటిసారి వెలిగింది.

"రోజు కడుగుత మేడం. పొద్దుమూకి ఇంటికి రాంగనే కడుగుత. ఒక్కనాడు తప్పలే. మా తాత ఎడ్లను గట్లనే కడిగెటోడు, పని నుంచి రాంగనే నీళ్లు గొట్టి, డొక్కలు తుడిచి. పనిజేసి వచ్చిన జీవిని గట్లనే కట్టేస్తరా?"

"చెయ్యి వంగదు గద అన్నా, ఎట్ల కడుగుతవు?"

"కట్టెకు చెంబు గట్టుకున్న. వెనక చక్రం మీద కాలుతది గద బ్రేకు వేడికి, గాడ ఎక్కువ పోస్త. సుయ్యిమంటది. పాణం సల్లవడ్డట్టు ఉంటది దానికి."

యాదగిరన్న నావైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. బ్రేకులతో కాలిన చక్రం మీద రోజూ సాయంత్రం ఆ బోరు నీళ్లు. నీళ్లు ఆవిరైపోతాయి, అందులోని ఉప్పూ సున్నమూ లోపల మిగులుతాయి. మర్నాడు దాని మీద ఇంకో పొర. బండిని అంత ప్రేమగా చూసుకోకపోయి ఉంటే అది బిగుసుకునేది కాదు. ఆ మాట మాత్రం అప్పుడు పైకి అనలేదు.

గుండిగ అడుగున సున్నం పోవాలంటే ఏం చేస్తారో ఆడవాళ్లందరికీ తెలుసు. చింతపండు కావాలని లింగమ్మను అడిగాను.

"ఎంత గావాలె మేడం?"

"పెండ్లి పులుసుకు పిసికినంత."

చింతపండుతో పాటు ఊళ్లోవాళ్లు మాటలు కూడా తెచ్చారు. "ఇగ ఉప్పు కారం గూడ ఎయ్యి రూతమ్మా, పొద్దుగాల్ల అన్నంల కలుపుకుందం" అన్నాడు యాదగిరన్న. "పోపు నేను వెడుత" అని వెనుక నుంచి ఇంకొకామె. మా ట్రైనీలు నా ముందు నవ్వలేక అటు తిరిగి నవ్వారు. నేను కూడా నవ్వాను కానీ, పని మాత్రం పద్ధతిగా చేశాం. బ్యాటరీ తీసేశాం, పెట్రోలు డబ్బాలోకి వంపేశాం. బండిని ఎడమవైపు గోనెసంచుల మీద పడుకోబెట్టాం. అట్లా పెడితే ఇరుసు నిటారుగా నిలబడుతుంది, పోసింది కిందికి దిగుతుంది. పుట్టమన్ను పిసికి, ఇరుసు పైకొన చుట్టూ చిన్న గిన్నెలా కట్టాం. వేడి నీళ్లలో చిక్కగా పిసికిన చింతపండు రసాన్ని గుడ్డలో వడగట్టి అందులో పోశాం. పైన తడి గోనె కప్పాం. ఇంకితే మళ్లీ పోయాలి, అంతే.

మల్లయ్యకు ఇది నచ్చలేదు. "బండిని గట్ల పండబెట్టకుండ్రి మేడం. నాకు మంచిగనిపిస్తలేదు" అన్నాడు. లింగమ్మ గదమాయించింది. "నువ్వు ఊకో జర. నిన్ను పండబెట్టకుంట జెయ్యాల్నంటె దాన్ని పండబెట్టాలె."

మర్నాడు పొద్దున గిన్నెలో రసం నల్లగా అయింది. బండిని లేపి నిలబెట్టాం. రసాన్ని కడిగేయాలి, లేకపోతే ఆ పులుపు అల్యూమినియంను తింటుంది. కడగడానికి బోరు నీళ్లు పోస్తే మళ్లీ అదే సున్నం. లింగమ్మ ఇంటికి పోయి, ఫిల్టరు ప్లాంటు నుంచి తెచ్చుకున్న తాగే నీళ్ల క్యాను మోసుకొచ్చింది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. నేను వద్దంటుంటే మల్లయ్యే అన్నాడు, "పొయ్యి మేడం. నేను ఇన్నేండ్లు చెడ్డ నీళ్లు తాగిన. అది ఒక్కపారి మంచియి తాగనీ."

ఈసారి సుత్తె ముట్టలేదు. ఇరుసు తలకు పెద్ద పానా తొడిగి, దానికి గొట్టం తగిలించి, లాగడానికి బదులు తిప్పడానికి చూశాను. ఇటు వెంట్రుకంత, అటు వెంట్రుకంత. బిగుసుకున్నదాన్ని గుంజితే తెగుతుంది, ఊపితే వదులుతుంది. నేను లోపల ప్రార్థన చేసుకుంటున్నాను, యాదగిరన్న పైకే నరసింహస్వామిని పిలుస్తున్నాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత లోపలెక్కడో చిన్న చప్పుడు, పెసరకాయ ఎండలో పగిలినట్టు. పానా నా చేతిలో ఒక ముల్లంత కదిలింది.

"ఆగుండ్రి" అన్నాడు యాదగిరన్న. అందరూ ఆగారు. పక్క టార్పాలిన్ కింద మోటారు మీద కొడుతున్న ట్రైనీ కూడా ఆపేశాడు.

ఇటు కొంత ఊపు, అటు కొంత ఊపు. ముల్లంత కదిలింది బొటనవేలంత అయింది. ఇత్తడి కడ్డీతో ఒక మెత్తని దెబ్బ, తర్వాత చేతులతోనే లాగాం. ఇరుసు బయటికి వచ్చింది.

బిడ్డా, ఆ ఉద్యోగంలో నేను ఎన్ని ఇరుసులు విప్పానో లెక్కలేదు. అట్లాంటిది ఎప్పుడూ చూడలేదు. చక్రం మధ్యలో ఉండే భాగమంతా ఒక తెల్లని తొడుగు వేసుకుని వచ్చింది. ఒక చోట ఆ తొడుగు పగిలి లోపల కనిపించింది. పొర మీద పొర. తెలుపు, బూడిద, లేత ఎరుపు, మళ్లీ తెలుపు. కొన్ని పొరలు దారమంత సన్నం, కొన్ని గోరంత మందం. ఎండలోకి తిప్పితే ముత్యపుచిప్పలాగ మెరిసింది. ఒక్కో సాయంత్రం ఒక్కో చెంబు పోసి ఆ మనిషి దాన్ని పెంచాడు. ఇనుము మీద నీళ్లు ఇంత ఓపికగా ఇల్లు కట్టుకోగలవని నాకు తెలియదు. ఎప్పుడూ నోరు మూయని యాదగిరన్న రెండు చేతుల్లో దాన్ని పట్టుకుని, దేవుడి విగ్రహాన్ని పట్టుకున్నట్టు నిలబడిపోయాడు.

మల్లయ్య తన చేతికి ఇమ్మన్నాడు. మెడ వంగదు కాబట్టి దాన్ని కళ్ల ఎత్తుకు లేపి పట్టుకున్నాం. ఆయన చాలాసేపు చూశాడు.

"నల్లగొండ దవాఖానల నా ఎముకల ఫోటువ తీసిండ్రు. డాక్టరు సారు గిట్లనే తెల్లగ చూపిచ్చిండు, ఒకదాని మీద ఒకటి. నాకప్పుడు సమజు గాలే. ఇప్పుడైంది" అన్నాడు. తర్వాత అడిగాడు, "చెల్లె, దీనికి చింతపండు పనిజేసింది గద. నాకేమన్న ఉన్నదా గిసొంటిది?"

అప్పటిదాకా మేడం అన్నవాడు చెల్లె అన్నాడు. చుట్టూ జనం ఉన్నారు. ఏదైనా ఒక మంచిమాట చెప్పి తప్పించుకోవచ్చు.

"లేదన్నా" అన్నాను. "నాకు తెలిసింది బండి పని. ఎముకలకు పట్టినది నేను తియ్యలేను. ఇక ముందు పట్టకుండ మంచి నీళ్లు తాగుడే."

ఆయన తల ఊపలేడు. కళ్లతోనే సరే అన్నాడు. "అబద్ధం చెప్పలే నువ్వు. మంచిది" అన్నాడు.

మిగతాది మామూలు పని. తొడుగు తీసేసి ఇరుసును సన్నని గరుకు కాగితంతో రుద్దాం. బొడ్డుకు ఏమీ కాలేదు. కొత్త బేరింగులు కూర్చోబెట్టాం, బ్రేకు షూలకు అంటిన పులుపును కడిగి ఆరబెట్టి రుద్దాం. ఇరుసు కొన నుంచి కొన దాకా గ్రీజు పూసి ఎక్కించాం. నట్టు బిగించి, చైను తొడిగి, చక్రం తిప్పితే చప్పుడు లేకుండా తిరిగింది. అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పాను: ఇకమీద బండిని కడగొద్దు. పొడి గుడ్డతో తుడవాలి, వానకాలం ముందర ఒకసారి ఇరుసు తీయించి గ్రీజు పెట్టించాలి.

చక్రం ఊడనప్పుడు కూడా ఆయన అంత కలవరపడలేదు. "కడగకుంటె ఎట్ల చెల్లె? అది ఏమనుకుంటది?"

"ఏమనుకోదు. నీ నీళ్లే దాని పాణం దీసినయి" అంది లింగమ్మ. "చల్లవడెదాంక దాని పక్కన కూసుండి ముచ్చట చెప్పు. నాకెట్లాగు జెప్పవు గద."

ఇది ఆయనకు నచ్చింది. అప్పుడు నవ్వాడు.

ఆయన మోకాలు కిక్కు కొట్టడానికి లేవదు. కిక్కు లింగమ్మ కొట్టింది, చీరె ఎగజెక్కి, రెండో దెబ్బకు. తర్వాత బండిని స్టాండు మీదే ఉంచి, ఇద్దరు మనుషులు ఆయన్ని నిలువుగా ఎత్తి సీటు మీద పెట్టారు. బండి మీద కూర్చున్నాక ఆ మనిషి వేరు. మెడ నిటారు, వీపు నిటారు, సగం వంగిన చేతులు హ్యాండిలుకు సరిగ్గా అందాయి. ఆయన శరీరం బిగుసుకుపోయిన తీరు ఆ సీటుకు కొలిచి తయారుచేసినట్టు ఉంది. లింగమ్మ వెనుక ఎక్కింది. స్టాండు దించాం. వెనక్కి తిరిగి చూడలేడు కాబట్టి అద్దంలో మమ్మల్ని చూసి, హారన్ కొట్టి, గొర్లున్న చేను వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా, చక్రం విప్పే పాఠం రోజున పానాలు పంచకముందే పిల్లల చేత రెండు పనులు చేయించేదాన్ని. బిగుసుకున్న చోట గీకి చూడాలి, ఏది రాలుతుందో. ఆ బండిని ఎవరు, ఎట్లా చూసుకుంటారో అడగాలి. ఎంత బలం పెట్టాలన్నది దాని తర్వాతి మాట. ఇంకొకటి కూడా ఆ శిబిరంలోనే నేర్చుకున్నాను. పని అడిగినవాడికి మన చేతనయ్యేది పూర్తిగా చెయ్యాలి, చేతకానిది అడిగితే చేతకాదని వెంటనే చెప్పాలి. మల్లయ్య రెండు అడిగాడు. చక్రం ఊడదీసి ఇచ్చాం. రెండోది మా ట్రేడులో లేదు.